ఊరికే చేసిన దారి

పోయినేడు జూలైలో మా ఆఫీసు వాళ్ళం ఎనభై మందిమి రెండు బస్సులెక్కి బెంగళూరు నుంచి పెనుకొండ దగ్గర ఒక పల్లెకి వెళ్ళొచ్చాం. పిక్నిక్కుకి కాదండోయ్, పనికి. వాలంటీరింగ్ డే అని మా కంపెనీలో ఏడాదికొకసారి జరుగుతుంది. ఒకసారి మొక్కలు నాటడం, ఒకసారి బడి గోడలకి రంగులెయ్యడం. ఈసారి, పిల్లలు బడికి నడిచే దారి, సైకిళ్ళ మీద పోయే దారి బాగుచెయ్యడం. మాది హిందూపురం కాబట్టి "మీ ఊరివైపే కదా, అక్కడి వ్యవహారాలు నువ్వే చూసుకో" అని నా నెత్తిన పెట్టారు. సరే అన్నాను. (కాదంటే అప్రైజల్లో ఒక కాలమ్ ఖాళీగా ఉండిపోతుంది మరి.)

ఊరికీ హైస్కూలుకీ మధ్య కిలోమీటరున్నర దూరం. ఒకప్పుడు ఎద్దుల బండ్లు నడిచిన బాట. బండ్లు పోయాయి, రెండువైపుల నుంచీ కంపచెట్లు కమ్ముకొచ్చాయి. బళ్ళారి నుంచో బెంగళూరు నుంచో వచ్చే లారీల కోసం హైవే నాలుగు వరసలయ్యాక ఆ బాటని మధ్యలో నరికేసినట్టయింది. పిల్లలు హైవే అంచునే కొంత దూరం నడిచి, కిందుగా ఉన్న వంతెనలోంచి దూరి అవతలికి పోవాలి. లేదా డివైడర్ ఎక్కి దూకాలి. ఎక్కువమంది ఏం చేస్తారో మీకు తెలుసు. బాట సరిగ్గా ఉంటే నేరుగా వంతెన దగ్గరికే పోతుంది, హైవే అంచున నడిచే పని తప్పుతుంది. మేం చెయ్యాల్సింది ఇంతే: కంప కొట్టడం, గుంటలు గరుసుతో పూడ్చడం, వాన నీళ్ళు అడ్డంగా పారే చోట ఒక సిమెంటు తూము వేసి పైన మట్టి కప్పడం.

పదిన్నరకి మొదలుపెట్టాం. పన్నెండున్నరకి సగంమంది చేతులకి బొబ్బలు. ఒంటిగంటకి భోజనాలు, ఫోటోలు. మూడున్నరకి బస్సెక్కేశాం. తూము మాత్రం ట్రాక్టరు అబ్బాయీ ఊళ్ళోని నలుగురూ వేశారు, మేం చుట్టూ నిలబడి చూశాం.

మధ్యలో ఒక ముసలావిడ గొర్రెల్ని తోలుకుంటూ వచ్చి నా పక్కన ఆగింది. నేను సలికె పట్టుకున్న తీరు చూసి నవ్వొచ్చినట్టుంది.

"ఎంతిస్తారు నాయనా కూలి?"

"కూలేం లేదవ్వా. ఊరికే చేస్తాండాం."

"ఊరికేనా?" అని కాసేపు దారికేసి చూసింది. "ఊరికే చేస్తే, వానొచ్చి కొట్టకపోతే మళ్ళ ఎవురిని అడగల్లప్పా మేము?"

నా దగ్గర జవాబు లేదు. తిరుగు ప్రయాణంలో బస్సంతా అంత్యాక్షరి ఆడుతుంటే నేను కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించాను. ఆ తర్వాత రెండు మూడు నెలలు, రాత్రిళ్ళు కాల్స్ అయిపోయాక, మన సీమలో దారులు ఎవరు వేశారు, ఎవరు చూసుకున్నారు అని దొరికిందల్లా చదివాను. చరిత్రకారుణ్ణి కాను, జావా రాసుకునేవాణ్ణి. తప్పులుంటే దిద్దండి.

మొదట నన్ను ఆశ్చర్యపరిచింది సప్తసంతానాల సంగతి. మనిషి పోయాక కూడా పేరు నిలిపేవి ఏడు అని మనవాళ్ళు లెక్కపెట్టారు కదా: కొడుకు, చెరువు, గుడి, తోట, అగ్రహారం, నిధి, కావ్యం. ఇందులో దారి లేదు! చెరువు తవ్విస్తే పుణ్యం, దారి వేయిస్తే ఏమీ లేదు. దారిన పోయేవాడి మీద దయ లేదని కాదు. చలివేంద్రం పెట్టేవారు, సత్రం కట్టేవారు, దారి పక్కన చింతచెట్లు నాటేవారు, తలమీది మూట దించుకోడానికి ఎత్తుగా రాతి దిమ్మెలు నిలబెట్టేవారు. నడిచేవాడికి నీడ, నీళ్ళు, విశ్రాంతి ఇవ్వడం ధర్మం. కాళ్ళ కింది నేల మాత్రం ఎవరి పద్దులోనూ పడలేదు. అది నడవగా నడవగా దానంతట అదే పడేది అనుకున్నట్టున్నారు.

చెరువు విషయంలో అలా అనుకోలేదు. పెనుకొండ, ధర్మవరం, బుక్కపట్నం చుట్టుపక్కల విజయనగర కాలంలో కట్టిన చెరువులు చాలా ఇప్పటికీ నీళ్ళు పట్టుకుంటున్నాయి. 1565 యుద్ధంలో ఓడి హంపీ వదిలాక తిరుమలరాయలు పెనుకొండని రాజధాని చేసుకున్నాడు, అంతకుముందు కూడా అది రాజ్యంలో పెద్ద కోట. మరి ఆ రాజధాని దారులు ఏమయ్యాయో వెతుక్కోవాలి, చెరువులు ఎదురుగా ఉన్నాయి. ఎందుకు?

దీనికి జవాబుగా నాకు దొరికిన మాట 'దశబంధం'. సీమలో ఈ ఏర్పాటు బాగా ఉండేది. చెరువు కట్టినవాడికో, తెగిన కట్టని మళ్ళీ నిలబెట్టినవాడికో ఆ చెరువు కింద కొంత భూమి శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చేవారు. పేరులోనే పదో వంతు ఉంది. ఇది కట్టినందుకు ఇచ్చిన బహుమతి మాత్రమే కాదు. ఏటేటా కట్టని, తూముని చూసుకోవాలన్నది షరతు. వాడు పోతే వాడి కొడుకు చూసుకోవాలి. చెరువులో నీళ్ళుంటేనే ఆ భూమి పండుతుంది, కాబట్టి పాడైతే ముందు నష్టపోయేది వాడే. నీళ్ళు వదిలే నీరుగంటికీ పంటలో వాటా ఉండేది.

మన భాషలో చెప్పుకోవాలంటే, ప్రాజెక్టు డెలివరీతోపాటే సపోర్టు కాంట్రాక్టు కూడా సంతకమైపోయింది. అదీ తరతరాలకి. ఆరొందల ఏళ్ళ కిందటి కట్ట నిలబడటం వెనక పనితనం ఎంతుందో ఈ కాగితమూ అంతే ఉంది అని నా నమ్మకం.

దారికి దశబంధం ఎవరూ ఇవ్వలేదు. దారి పక్కన పంట పండదు కదా.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ బాట ఎలా ఉందో రాస్తాడు. ఇసక పర్రా, రాళ్ళా, అడవా, వాగు దాటగలమా లేదా. తిరుపతి, కడప మీదుగా పోయాడు కాబట్టి మన హిందూపురం వైపు రాలేదు గానీ, సీమ దారులు అప్పుడెలా ఉండేవో తెలుసుకోడానికి అంతకంటే మంచి పుస్తకం నాకు తెలీదు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆయన పోయింది పల్లకీలో. దారి ఎలా ఉందో అసలు తెలిసింది మోసిన బోయీలకి, వాళ్ళు పుస్తకం రాయలేదు.

కుంపిణీ వాళ్ళకి ఈ జిల్లాలు 1800లో నిజాం నుంచి వచ్చాయి. మన్రో దొర అనంతపురంలో కూర్చుని 1807 దాకా పాలించాడు. ఆ కాలంలో దారి పని అంటే చాలా చోట్ల వెట్టే. వెట్టి కుంపిణీతో మొదలవ్వలేదు, విజయనగర శాసనాల్లోనే ఫలానావాళ్ళకి వెట్టి మాఫీ అని కనిపిస్తుంది. మాఫీ చేశారంటే మిగతావాళ్ళకి ఉన్నట్టేగా! అధికారి వస్తే సామాను మొయ్యాలి, పటాలం పోతుంటే బాట చదును చెయ్యాలి.

1858లో మద్రాసు ప్రాంతం కోసం ఏకంగా నిర్బంధ శ్రమ చట్టం అని ఒకటి తెచ్చారు. చెరువు కట్ట తెగేలా ఉంటే ఊరి పెద్ద కూలి వర్గాల మగవాళ్ళందర్నీ పనికి రమ్మని పిలవొచ్చు. 'కూలి వర్గాల' అన్న మాట గమనించండి. కట్ట తెగితే మునిగేది అందరి పొలాలూ, రావాల్సింది మాత్రం వాళ్ళు. ఇంకో భాగంలో, ఆనవాయితీగా కాలవల మరమ్మతుకి మనిషిని పంపాల్సినవాడు పంపకపోతే ఆ పని విలువకి రెండింతలు కట్టాలి. అంటే ఊరంతా కలిసి చేసుకునే ఆనవాయితీని తీసుకెళ్ళి జరిమానా కింద మార్చారు. ఇదీ చెరువుల గురించే, దారుల ఊసు లేదు.

అన్నట్టు, ఈ దొరల దేశంలో దారుల గురించి ఇలాంటిదే ఇంకా పాతది ఉంది. ఇంగ్లండులో 1555లో ఒక చట్టం చేశారు. ప్రతి ఊరివాళ్ళూ ఏడాదికి నాలుగు రోజులు సొంత పనిముట్లు తెచ్చుకుని జీతం లేకుండా ఊరి రోడ్డు మీద పనిచెయ్యాలి. కొన్నాళ్ళకే దాన్ని ఆరు రోజులు చేశారు. ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. డబ్బున్నవాడు తన బదులు ఇంకొకణ్ణి పంపేవాడు. వచ్చినవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పొద్దు గడిపేవారు. పైన చూసుకునేవాడు కూడా జీతం లేని ఊరివాడే, ఏడాదికొకడు మారేవాడు, వాడికి రోడ్ల గురించి ఏమీ తెలీదు. ఈ పద్ధతిని 1835లో ఎత్తేసి, ఇంటి పన్నులాంటిది వేసి కూలికి మనుషుల్ని పెట్టుకున్నారు. అంటే దాదాపు 280 ఏళ్ళు నడిపి చూశాక, ఏడాదికి నాలుగు రోజులు అందరూ వచ్చి చేసే పనితో దారి నిలవదని ఒప్పుకున్నారు. మా హెచ్చార్ వాళ్ళకి ఇది ఫార్వర్డ్ చేద్దామనుకుని మానుకున్నాను :-)

మనదగ్గర రోడ్డు సెస్సు 1866లో వచ్చింది, 1871లో లోకల్ ఫండ్స్ చట్టం, 1884లో లోకల్ బోర్డులు. ఇప్పుడు రోడ్లకి ఒక పద్దు ఉంది. కానీ మన వైపు దారులు ఎక్కువగా పడింది ఆ పద్దుతో కాదు. కరువుతో.

ధాత కరువు. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి ఆ పేరు. 1876 నుంచి 78 దాకా. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882లో విడదీశారు. ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లానే. 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ మధ్య ఆ జిల్లాలో జనం దాదాపు ఐదో వంతు తగ్గిపోయారు. చచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు కలిపి. ఐదుగురిలో ఒకరు! ఒక్కసారి మీ ఇంట్లో వాళ్ళని లెక్కపెట్టుకోండి.

తిండి పెట్టాలంటే పని చెయ్యాలి, పని అంటే రోడ్లు వెయ్యడం, కంకర కొట్టడం, చెరువుల పూడిక తియ్యడం. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే దొర కలకత్తా నుంచి వచ్చి ఖర్చు ఎక్కువైపోతోందని కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. ఒక పౌను అంటే మన లెక్కలో సుమారు 450 గ్రాములు. అది తిని రోజంతా కంకర కొట్టాలి. మద్రాసులో శానిటరీ కమీషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్, ఇంత తిండితో మనిషి పని చెయ్యలేడు, బతకలేడు అని గట్టిగా పోట్లాడాడు. కొన్ని నెలలకి మద్రాసు ప్రభుత్వం కొంచెం పెంచింది. ఈలోపల పోవాల్సినవాళ్ళు పోయారు. ఇంకో నిబంధన, పని ఇంటికి పది మైళ్ళకి దగ్గరలో ఉండకూడదు. నిజంగా ఆకలైనవాడే అంత దూరం నడిచి వస్తాడని పరీక్ష. దారి వెయ్యడానికి ముందు దారి లేని చోట పది మైళ్ళు నడవాలి.

ఆ కరువు తర్వాతే, ధాన్యం త్వరగా చేరెయ్యడానికని సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు పోయే లైను 1890ల మొదట్లో అలా పడినదే. మనం శుక్రవారం రాత్రి సీటు కోసం కొట్టుకునే లైను, కరువు లైనన్నమాట.

ఇంకో విచిత్రం కూడా అప్పుడే జరిగింది. ఆ 1870ల చివర్లోనే, ఎండిపోయిన నేలల్లో వంటచెరుకు కోసం జమైకా నుంచి ఒక చెట్టు గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. నీళ్ళు లేకున్నా బతుకుతుంది, మేకలు ఆకు తినవు, నరికితే మళ్ళీ చిగురిస్తుంది. అదే మనం ఇప్పుడు సర్కారు తుమ్మ అనీ, కంపచెట్టు అనీ అంటున్నది. దాని ముల్లు సైకిల్ టైరులోంచి ట్యూబుదాకా దిగుతుంది, హవాయి చెప్పులు ఒక లెక్కా! జూలైలో మా వాళ్ళ టీషర్టులు చింపింది నూటయాభై ఏళ్ళ కిందటి సర్కారు పథకమే. గడ్డపారతో వేరుతో సహా పెరికితే తప్ప పైపైన కొడితే ఆర్నెల్లలో మనిషెత్తు లేస్తుంది. మేం పైపైనే కొట్టాం.

మా అవ్వది ధర్మవరం వైపు. 1950ల మొదట్లో సీమలో మళ్ళీ పెద్ద కరువొచ్చి ఊరూరా గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఆమె చిన్నపిల్ల. వాళ్ళమ్మతోపాటు రోడ్డు పనికి పోయి కంకర తట్టలు మోసింది. ధర్మవరం పోయే రోడ్డులో ఒక చోట బస్సు కుదుపిస్తే "ఇది మేమేసిందే" అనేది. గర్వంగా అనేదో, వెటకారంగా అనేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ పనిని ఆమె ఎప్పుడూ రోడ్డు పని అనలేదు. 'కరువు పని' అనేది.

ఆ మాట ఎంత గట్టిదంటే, 2005లో ఉపాధి హామీ చట్టం చేసి, 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలుపెట్టినా, ఢిల్లీలో ఎన్ని పేర్లు పెట్టినా, ఊళ్ళో జనం దాన్నీ కరువు పనే అన్నారు. 130 ఏళ్ళ జ్ఞాపకం. తేడా లేదా అంటే చాలా ఉంది. ఇది దయతో ఇచ్చిన పని కాదు, అడిగి తీసుకునే హక్కు. పని పది మైళ్ళ అవతల కాదు, ఊరి దగ్గరే. మస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కాయి (మన రాష్ట్రంలో అప్పట్లో ఆ సాఫ్ట్‌వేర్ టీసీఎస్ వాళ్ళది, ఇది చదివేవాళ్ళలో దాని మీద పనిచేసినవాళ్ళు ఉన్నా ఉంటారు). ఊరందరి ముందూ లెక్కలు చదివే సోషల్ ఆడిట్ అనంతపురంలో మొదటి ఏడాదే పెద్ద ఎత్తున జరిగింది.

దారుల వరకు చూస్తే అందులో ఒక చిక్కుండేది. ఖర్చులో కనీసం 60 శాతం కూలికే పోవాలి, సామానుకి 40 దాటకూడదు. జనానికి కూలి దక్కాలంటే ఆ నిబంధన సరైనదే. కానీ మట్టి దారికి ప్రాణం మట్టిలో లేదు, అడ్డంగా పోయే నీళ్ళని ఎటు పంపించామన్నదాంట్లో ఉంది. తూముకి సిమెంటు కావాలి, సామాను కావాలి. అది లేని చోట వేసిన దారే మళ్ళీ మళ్ళీ వేశారు.

ఇక మూడో రకం, ఊరికే చేసేది. శ్రమదానం. వినోబా 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టాక దానాలు చాలా పుట్టాయి, శ్రమదానానికి ఊపొచ్చింది అప్పుడే. 1952 అక్టోబరు 2న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం వచ్చింది, దేశమంతటా బ్లాకుల్లో ఊరి రోడ్లు శ్రమదానంతో వేయించారు. పెద్దాయన ఎవరో వచ్చి మొదటి తట్ట ఎత్తేవారు, ఫోటో.

షామీర్‌పేట మీద పుస్తకం రాసిన ఎస్.సి. దూబే తెలుసు కదా, ఉస్మానియాలో పాఠాలు చెప్పిన సామాజిక శాస్త్రవేత్త. ఆయన 1958లో వచ్చిన ఇంకో పుస్తకంలో ఉత్తరాది పల్లెల్లో ఈ శ్రమదానం ఎలా జరిగిందో రాశాడు. పెద్ద కులాలవాళ్ళు, పెద్ద రైతులు పని 'చూసుకున్నారు'. తట్టలు మోసింది పేదవాళ్ళు. రోడ్డు పడ్డాక లాభం ఎవరికి? ఎద్దుల బండి ఉన్నవాడికి, చెరకు అమ్ముకునేవాడికి. నడిచేవాడికి పాత కాలిబాటే చాలు. అందుకే పేదవాళ్ళు దీన్ని కొత్త పేరుతో వచ్చిన వెట్టి అనుకున్నారట. కూలీ పోయింది, పైగా దానం చేశామని సంతోషపడాలి!

1997 జనవరిలో మొదలైన జన్మభూమి మనలో చాలామందికి గుర్తే. ఊళ్ళో పనికి ప్రజల వాటా 30 శాతం, డబ్బుగానో శ్రమగానో. నేనప్పుడు బళ్ళో ఉన్నాను. శ్రమదానం రోజు పాఠాలుండవని మాకు పండగ. హిందూపురంలో మా వీధి చివర చెత్త ఎత్తాం, నిమ్మకాయ షర్బత్ తాగాం. చెత్త ఎత్తే రెగ్యులర్ మనిషి పక్కనే బీడీ కాలుస్తూ మమ్మల్ని చూస్తున్నాడు. ఇప్పుడు తల్చుకుంటే, ఆయన చూపూ మొన్నటి గొర్రెల అవ్వ చూపూ ఒకటే అనిపిస్తోంది.

దారి వేసినవాడే చూసుకోవాలి అని మనదేశంలో గట్టిగా రాసుకున్నది నాకు తెలిసి 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో. రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్ళు మరమ్మతు కూడా చెయ్యాలని ఒప్పందంలోనే పెట్టారు. దశబంధానికి మనవడు లాంటిది. కానీ అవి ఊరికీ ఊరికీ మధ్య వేసే తారు రోడ్లు, బండ్ల కోసం. ఊరి నుంచి బడికి, చేనుకి, స్టేషనుకి పోయే కాలిబాట అప్పుడూ ఏ పద్దులోనూ లేదు.

నడిచేవాళ్ళు తగ్గిపోయారుగా అంటారేమో. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వ్యవసాయం కాని పనులకి పోయేవాళ్ళని ఎలా వెళ్తారని అడిగారు. దాదాపు 23 శాతం నడిచి, 13 శాతం సైకిల్ మీద. కారులో పోయేవాళ్ళు 3 శాతం కూడా లేరు. ఆ తర్వాత మోటారు సైకిళ్ళు పెరిగి ఉంటాయి, నిజమే. అయినా తూముకుంట ఫ్యాక్టరీల షిఫ్టు వదిలే టైములో హిందూపురం రోడ్డు మీద నిలబడి చూడండి. మా నాన్న ముప్ఫై ఏళ్ళు సైకిల్ తొక్కాడు. అప్పట్లో సైకిల్‌కి మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవాలి. రాత్రి లైటు లేకపోతే పోలీసు ఆపేవాడు. అంటే సైకిలువాడి దగ్గర పన్ను తీసుకున్నారు, తప్పులూ పట్టారు, వాడికంటూ అడుగు వెడల్పు దారి మాత్రం ఇవ్వలేదు.

సరే, మా వాలంటీరింగ్ డే దగ్గరికి వస్తాను. ఆఫీసు పోర్టల్లో దాన్ని '640 వాలంటీర్ గంటలు' అని పెట్టారు. ఎనభై మంది, ఎనిమిది గంటలు. నేను కూర్చుని విడదీశాను. రానూపోనూ బస్సులో ఐదు గంటలు. తిండి, ఫోటోలు తీసేస్తే సలికె పట్టింది మహా అయితే రెండున్నర గంటలు. అంటే 200 గంటలు, ఊళ్ళో పాతికమంది ఒక రోజు చేసే పని. చేతకానితనం కూడా కలిపితే ఇంకా తక్కువ. బస్సులకీ టీషర్టులకీ బిర్యానీకీ అయిన ఖర్చుతో ఆ పాతికమందికి వారం పైనే కూలి ఇవ్వొచ్చు.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి, 2014 ఏప్రిల్ నుంచి అమలు. మారథాన్లు, అవార్డుల్లాంటి ఒక్కరోజు సంబరాలు ఆ లెక్కలోకి రావని 2014 జూన్‌లోనే కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. ఉద్యోగులు పనిచేసిన గంటలకి ఖరీదు కట్టి ఆ లెక్కలో చూపడం మొదట్లో నడిచింది, 2021లో అదీ కుదరదన్నారు. మంచిదే. మరి ఆ గంటలు లెక్కలోకి రానప్పుడు డబ్బు దేనికి వాడొచ్చు? మరమ్మతుకి!

అదే అడిగాను. ఏడాది పొడుగునా ఆ కిలోమీటరున్నర చూసుకోడానికి ఊళ్ళో ఒక మనిషికి నెలకి నాలుగు రోజుల కూలి ఇద్దాం, తూము శుభ్రం చెయ్యడం, కంప వేళ్ళు తియ్యడం, వానకి కోసుకుపోయిన చోట గరుసు వెయ్యడం. ఏడాదికి మా ఒక టీమ్ డిన్నరు ఖర్చు కూడా కాదు. వాలంటీరింగ్ బడ్జెట్ ఉద్యోగులు పాల్గొనే కార్యక్రమాలకే అన్నారు. సామాజిక బడ్జెట్‌లో అడిగితే ఇంత చిన్న పనికి ప్రాజెక్టు పెట్టలేమన్నారు. వాళ్ళని తిట్టను, వాళ్ళ కాలమ్స్ వాళ్ళవి. దారి మళ్ళీ ఏ పద్దులోనూ పడలేదు, అంతే.

అక్టోబరులో నాలుగు రోజులు వానలు పడ్డాక నేనొక్కణ్ణే హిందూపురం నుంచి బండి మీద పోయి చూశాను. తూము గట్టిగానే ఉంది, నోటికి అడ్డంగా కంప, ప్లాస్టిక్ కవర్లు చేరి సగం మూసుకుపోయింది. నీళ్ళు పైనుంచి పొర్లి రెండు చోట్ల మోకాలు లోతు కోసుకుపోయాయి. కొట్టిన కంప అప్పుడే నడుమెత్తు లేచింది. పిల్లలు ఆ రెండు గుంటల దగ్గర సైకిళ్ళు దిగి భుజానెత్తుకుని దాటుతున్నారు. అయినా ఈ దారినే వస్తున్నారు, హైవే మీదికి పోవడంలేదు. నేను చూసిన అరగంటలో పందొమ్మిది మంది.

గొర్రెల అవ్వ కనిపించలేదు. ట్రాక్టరు అబ్బాయితో మాట్లాడాను. వాళ్ళ చిన్నాయన ఒకాయన ఉన్నాడు, వయసు మీద పడి బరువు పనులకి పోవడంలేదు, ఆయన చేను ఆ దారి పక్కనే. తూము మూసుకుపోతే నీళ్ళు ముందు ఆయన చేలోకే. నెలకి నాలుగు రోజుల కూలి ఇస్తే చూసుకుంటానన్నాడు. ఆఫీసులో అడిగితే తొమ్మిదిమంది వచ్చాం, తలా మూడొందలు, 2700. నవంబరు నుంచి ఆయనకి ఫోన్‌లో వేస్తున్నాం. మొదటి నెల డబ్బు చేరాక ఆయన ఫోన్ చేసి, సంతకం ఎక్కడ పెట్టాలప్పా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

"అట్లనా," అన్నాడు. "అయితే ఒక పుస్తకంలో నేనే రాసిపెడతాండా. మళ్ళ మీరు వచ్చినప్పుడు చూసుకోండి."